పోలయ్య పట్టుకోని పట్టీ

పడవ బోల్తా పడి సముద్రంలో తేలుతున్న మైలపల్లి పోలయ్యను హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేర్చాక కూడా ప్రద్యుమ్నకు కోపం తగ్గలేదు.

కోస్ట్ గార్డ్ పైలట్‌గా అతనికదే మొదటి రక్షణ ఆపరేషన్. మనిషిని పైకి లాగడానికి తాడుకు కట్టిన పట్టీని సరిగ్గా ఆ ముసలాయన చేతి దగ్గరికే దించారు. ఆయన పట్టుకోలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని అటు తిరిగిపోయాడు. రెండోసారీ అంతే. చివరికి డైవర్ దిగి పైకి తేవాల్సి వచ్చింది. ఒడ్డు చేరేసరికి ఇంధనం దాదాపు అయిపోయింది.

"అందరం పోయేవాళ్లం సర్. కిందికి దిగాక ఆయన్ని నలుగురిలో కడిగేశాను. బతకాలనుకునేవాడు అలా చేస్తాడా?"

కమాండెంట్ ఏసుపాదం చివరిదాకా విన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు ఆయనది. ఆ స్థావరంలో సగంమంది పైలట్లకు హెలికాప్టర్‌ని అలల మీద కదలకుండా నిలపడం నేర్పింది ఆయనే.

"ఆయనేమన్నాడు?"

"దండం పెట్టాడు."

"రేపు పొద్దున శిక్షణ ఉంది. నువ్వు నడపొద్దు. నీళ్లలోకి దిగు" అన్నాడు ఏసుపాదం.

ప్రద్యుమ్న మంచి ఈతగాడు. మర్నాడు లైఫ్ జాకెట్ వేసుకుని పడవలోంచి హుషారుగా దూకాడు. పడవ దూరంగా జరిగింది. హెలికాప్టర్ వచ్చి అతని నెత్తిన నిలిచింది. నడుపుతున్నది ఏసుపాదమే.

రెక్కల గాలికి నీళ్లు ఒక్కసారిగా లేచాయి. గాలి కాదది, ఎవరో గుప్పెళ్లతో ఇసుక విసిరినట్టుంది. కళ్లు తెరవలేకపోయాడు. నోరు తెరిస్తే ఉప్పునీళ్లు. చెవుల్లో హోరు. పట్టీ ఎక్కడో భుజానికి తగిలి పోయింది. చెయ్యి చాపాలని తెలుసు. చెయ్యి మాత్రం మొహం మీదే ఉండిపోయింది.

పట్టీ మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

అప్పుడు భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది. డైవర్. అతన్ని రెండు చేతులా గట్టిగా కరుచుకున్నాడు ప్రద్యుమ్న.

స్థావరానికి తిరిగి వచ్చాక తువ్వాలు కప్పుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఏసుపాదం రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి అతని చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. ఎండ వెచ్చగా ఉంది. ఇద్దరూ సముద్రాన్ని చూస్తూ టీ తాగారు.

"పోలయ్యగారి ఊరు ఇక్కడికెంత దూరం సర్?"

"జీపులో గంట. మధ్యాహ్నం వెళ్లు."

ప్రద్యుమ్న తలూపాడు. గ్లాసు కింద పెట్టి అడిగాడు: "ఇలా నీళ్లలోకి దింపి చూపించడం మీకెవరు నేర్పారు సర్?"

"ఎవరూ నేర్పలేదు. సర్వీసులో చేరిన ఐదో ఏడు నా హెలికాప్టర్ సముద్రంలో పడిపోయింది. నాకోసం ఇంకోటి వచ్చింది. నేనూ పట్టీ పట్టుకోలేదు. మూడుసార్లు."

"మరి పైనున్నవాళ్లు ఏం చేశారు?"

ఏసుపాదం నవ్వాడు.

"నాలుగోసారి దించారు."