పదమూడో ఎక్కం

ఒకప్పుడు కొండమీది బడి ఊడ్చిన సన్యాసమ్మకు, మంచు దిగితే చాలు, కట్టెలు ఆగిన ఆ ఏడాదే గుర్తొస్తుంది.

బడి కుంపటికి కోట నుంచి వచ్చే కట్టెల్ని కొత్త దివాను ఆపేశాడు. "చదువుకునే పిల్లలకు చలేమిటి?" అన్నాడు. పంతులుగారు పిల్లల్ని ఒకరికొకరు ఆనించి కూర్చోబెట్టారు. సన్యాసమ్మే వెళ్లి దణ్ణం పెట్టింది.

"నిజమే బాబయ్యా. ఓసారి తమరొచ్చి మా పిల్లల ఎక్కాలు వినండి."

దివాను పొద్దున్నే వచ్చాడు. చదువులమ్మ ముందు పెద్దలైనా సరే శాలువా తీసి నేలమీదే కూర్చోవాలి. తడబడితే పిల్లలు మళ్ళీ మొదలెట్టాలి. అప్పజెప్పడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అది ఆ బడి ఆచారం.

పళ్ళు టకటకలాడుతుంటే పదమూడో ఎక్కం దగ్గర పిల్లల నాలుక తిరగలేదు. మళ్ళీ మొదటికొచ్చారు. మళ్ళీ పదమూడు దగ్గరే ఆగారు. మూడోసారికి దివాను గడ్డం కూడా వణికింది.

"ఇది ఎప్పటికయ్యేనే?"

"చలి తగ్గాక బాబయ్యా. ఉగాదికి ఎలాగూ తగ్గుద్ది."

దివాను కూర్చున్నచోటు నుంచే కట్టెలకు కబురంపాడు. కుంపటి రాజుకుంది, పిల్లలు పదమూడో ఎక్కం గడగడా దాటేశారు. ఆపైన ఏ చలికాలమూ కట్టెలు ఆగలేదు. ఆగితే ఎక్కాలు వినడానికి మళ్ళీ పిలుస్తారని ఆయనకు తెలుసు.

ఆ పిల్లలిప్పుడు తాతలయ్యారు. ఏ అరుగుమీద పదమూడో ఎక్కం వినబడినా సన్యాసమ్మ అరచేతులు వెచ్చబడతాయి.