నాలుగు వేళ్ల కొలత

కనుచూపు మేర నీళ్లున్న చెరువొకటి. దాని ఒడ్డున జాలర్ల ఊరు. ఆ ఊరికో పెద్దయ్య. పెద్దయ్య అంటే కిరీటాలూ గద్దెలూ ఏమీ లేవు. వానలు వెనకబట్టి చెరువు అలుగు పారడం ఆగిన రోజున ఊరంతా కొత్త వలలు అల్లడం మొదలుపెడుతుంది. ఆ పొద్దున పెద్దయ్య కుడిచేతి నాలుగు వేళ్లూ జోడించి చాపుతాడు. ఆ వేళ్ల వెడల్పెంతో ఆ ఏడు వల కన్ను, అంటే వలలో రంధ్రం, అంత. కొలత ఎవరిదైతే పెద్దరికం వాళ్లది. అదీ అక్కడి ఆచారం.

వెనకటి పెద్దయ్యలు తెడ్డేసీ, తాళ్లు లాగీ వేళ్లు మోటు తేలినవాళ్లు. ఈయనా వయసులో అలాంటివాడే. పెద్దరికం వచ్చాక మాత్రం మంచం దిగితే ఒట్టు! పదేళ్లలో చెయ్యి మెత్తబడింది, వేళ్లు బెండకాయల్లా సన్నబడ్డాయి. వేళ్లతో పాటు వల కళ్లూ చిన్నవయ్యాయి. వాటిలోంచి చేపపిల్ల కూడా తప్పించుకోలేదు. మోకాలెత్తు బొచ్చె చేపలు పడిన చెరువులో చివరికి గోరంత పిల్లలు పడుతున్నాయి, అవీ గుప్పెడు.

"కొంగలు తినేస్తున్నాయర్రా," అనేవాడు పెద్దయ్య. మర్నాడు వానల్ని తిట్టేవాడు. ఆ మర్నాడు చెరువుకి దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టించేవాడు. తన చేతికేసి చూసుకున్న పాపాన పోలేదు. ఎవరి వేళ్లు వాళ్లకి ముద్దు మరి.

ఆ ఏడు నాలుగిళ్లవాళ్లు ఊరు విడిచి పోదామని మూటలు కట్టారు. పెద్దయ్యకి గుండె జారిపోయింది. ఊరే ఖాళీ అయితే తను ఎవరికి పెద్ద?

సరిగ్గా కొలత రోజు పొద్దున్నే ఆయన భార్య చేపల కుండ తెచ్చి అరుగు మీద పెట్టింది. అందులో పెద్దది ఏదో ముందే చూసుకుందామని పెద్దయ్య గబుక్కున చెయ్యి పెట్టాడు. కుండలో ముళ్లున్న జెల్ల చేప ఉంది. ముల్లు దించింది.

"ఓరి దేవుడో!" అని ఆయన వేసిన కేకకి ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి.

"పదేళ్లకి నీళ్లలో చెయ్యి పెట్టావు. ముద్దు పెట్టుకుంటుందనుకున్నావా?" అంది భార్య, పసుపు నూరుతూ.

చెయ్యి పూరీలా పొంగింది. కొలతకి ఊరంతా వచ్చి నిలబడింది. వలలు అల్లే ముసలాయన ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వాపు తగ్గనీ పెద్దయ్యా. వారం ఆగుదాం."

కొలత రోజు దాటకూడదు; తను ఆగితే వేరేవాళ్లు చెయ్యి చాపాలి. చాపినవాడే పెద్ద. పెద్దయ్యకి ముల్లు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

"ఆచారం ఆచారమే! కొలవండి!" అన్నాడు పళ్లు బిగించి. ఆ లావు వేళ్లకే కొలిచారు. ఆ కొలతకే ఊరి వలలన్నీ అల్లారు.

తర్వాత మూడు నెలలూ ఆయనకి నరకం. వల వేస్తే నీళ్లు రావడం, చేపపిల్లలు దర్జాగా జారిపోవడం. చేతికందింది నోటికందకుండా పోతోందని ఊరు గొణిగింది. గోంగూర తిని, అంబలి తాగి బతికారు. వాపు ఎప్పుడో తగ్గింది గానీ, ఒకసారి వేసిన కొలత ఏడాది దాకా మార్చకూడదు. పెద్దయ్య సిగ్గుతో వీధిలోకి రావడం మానేశాడు. "నా మొండితనమే వీళ్ల కడుపు కొట్టింది" అని గోడకేసి తిరిగి ఏడ్చాడు కూడా.

ఎండలు ముదిరిన ఒకనాడు ఒడ్డున గోల లేచింది. ఎవరో మునిగిపోయారనుకుని పెద్దయ్య పరిగెత్తాడు. తీరా చూస్తే, ఎనిమిది మంది లాగినా వల ఒడ్డుకి రావడం లేదు! నెలల కిందట జారిపోయిన పిల్లలు పెరిగి, ఆ పెద్ద కళ్లకి సరిపోయినంత అయ్యాయి. శీలావతి చేపలూ, బొచ్చెలూ, ఎండకి తళతళలాడుతూ ఎగిరెగిరి పడుతున్నాయి. ఆడవాళ్లు నవ్వాపుకోలేక బురదలోనే కూలబడ్డారు. మూటలు కట్టినవాళ్లు మూటలు విప్పి, ఆ గుడ్డల్లోనే చేపలు మోసుకుపోయారు. ఆ రోజు ఊళ్లో పులుసు కాగని పొయ్యి లేదు.

వానలొచ్చాయి. కడుపు నిండా గుడ్లున్న చేపలు చెరువులోకి వచ్చే ఏటికి ఎదురెక్కాయి, గుడ్లు పెట్టి దిగాయి. అలుగు ఆగింది. మళ్లీ కొలత రోజు.

పొద్దున్నే డప్పులు మోగించుకుంటూ ఊరంతా పెద్దయ్య ఇంటికొచ్చింది. ముందు నడుస్తున్న ముసలాయన నెత్తిన ఓ కుండ.

"ఏముందిరా అందులో?"

"జెల్ల, పెద్దయ్యా! మంచి మొనగాడిని ఏరి తెచ్చాం. చెయ్యి పెట్టు మరి."

"ఊరి కోసం ఒక్క పోటు!" అని వెనక నుంచి కేకలు. ఆయన భార్య పసుపు ముందే నూరి ఉంచింది.

పెద్దయ్య కుండకేసి చూశాడు. తన సన్నటి వేళ్లకేసి చూశాడు, మొదటిసారి, చాలాసేపు. అప్పుడు ఆయనకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"ఏటా ఎక్కడ కుట్టించుకోనర్రా! నేను పోయాక ఇంకొకడు వస్తాడు, వాడి చెయ్యి ఇంకెంతో," అన్నాడు. "వెళ్లి, మొన్నటి వానకి మొదటిసారి గుడ్లు పెట్టిన శీలావతిని ఒకదాన్ని తీసుకురండి. ప్రాణంతో."

తెచ్చారు. పెద్దయ్య దాన్ని తడిగుడ్డలో పెట్టి, తన చేతుల్తోనే దాని ఒంటి చుట్టూ దారం చుట్టి ముడేశాడు.

"వల కన్ను ఇంత. ఇంతకంటే చిన్నవన్నీ పోనీండి, ముందు ఒకసారి గుడ్లు పెట్టనీండి. ఏ ఏడైనా ఇదే కొలత."

డప్పులు ఆగిపోయాయి. ముసలాయన దారం చేతిలో పట్టుకుని నసిగాడు. "కొలత ఎవరిదైతే పెద్దరికం వాళ్లది కదయ్యా. మరి నువ్వో?"

"నాకో తెడ్డు ఇయ్యరా," అన్నాడాయన. పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, చేపని మెల్లగా వదిలాడు. అది తోక ఒక్కటాడించి లోతుకి వెళ్లిపోయింది.

దారిన పోయేవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో ఆగి, మీ పెద్ద ఎవరని అడిగితే, అందరూ చెరువు వైపు చెయ్యి చూపిస్తారు.