సుంకులవ్వ వడిసెల

పాలకంకి మాది, పైరగాలి నీది,
రాయి మాది, రెక్క నీది,
పోవే గువ్వా పొద్దుండగా...

ఆ తర్వాత ఇంకో వరస ఉంది. ఈరమ్మకు అది గుర్తొచ్చేది కాదు. ముసలిదై, మనవరాళ్ల తలలు దువ్వుతూ పాడుకున్నప్పుడు కూడా అక్కడికే వచ్చి ఆగిపోయేది. "పొద్దుండగా... పొద్దుండగా ఏమో తల్లీ" అని నవ్వేది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి, పిట్టల్ని తోలుతూ పాడిన పాట అది. ఈ కథ ఆ మంచె దగ్గరే మొదలైంది.

ఎప్పటి మాటని అడగొద్దు. మన అవ్వల అవ్వలకు ఇంకా పాలపళ్లు రాని కాలం. కంపలదొడ్డి అని ఒక ఊరు. వంకకు అవతల ఎర్రమిట్ట అని ఇంకో ఊరు. రెండూళ్ల నడుమ వంకలో ఒకటే మడుగు. ఎండలు ముదిరితే ఆ చుట్టుపక్కల నీళ్లనేవి ఆ మడుగులోనే.

ఆ నీళ్లు ఏ ఊరి పశువులు ముందు తాగాలో ఏటా ఒక పందెం తేల్చేది. జొన్నకోతలు అయిపోయాక రెండూళ్లవాళ్లూ వంక ఒడ్డున చేరేవాళ్లు. ఎదురు గుట్ట మీద, బండపైన, సున్నం పూసిన కుండ పెట్టేవాళ్లు. ఊరికి ముగ్గురు. మనిషికి మూడు రాళ్లు. వడిసెల మడతలో రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేయాలి. కుండ పగలగొట్టిన ఊరి పశువులు ముందు తాగుతాయి. ఓడిన ఊరి పశువులకు మిగిలేది బురద.

కంపలదొడ్డి పశువులు బురదే తాగేవి. తాతలనాటి నుంచీ అంతే. "మీ ఊళ్లో పాలు కూడా ఎర్రగా ఉంటాయంట గదా" అని ఎర్రమిట్టవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే పోయేదేముంది. బురద తాగి దూడలు చచ్చిపోయేవి. అదీ బాధ.

గెలుస్తామనుకున్న ఏళ్లు లేకపోలేదు. ఒకప్పుడు బుడ్డన్న అనే పిల్లోడు లేచాడు. వాడి రాయి గుట్ట దాటిపోయేది. పందెం నాటికి వాడి భుజం జారిపోయింది. తర్వాత సవారన్న లేచాడు. పందెం నాటికి వాడి మోచెయ్యి వాచి బండైంది. ఆ తర్వాత చిన్నరంగడు. అందరికంటే మంచి చెయ్యి. పందెం నాటికి అన్నం ముద్ద నోటికెత్తలేకపోయాడు. ఊళ్లో ముఖం చూపించలేక ఎటో వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ చిన్నరంగడి తల్లే సుంకులవ్వ.

సుంకులవ్వ ఊరి చివర గుడిసెలో ఉండేది. జనుము నానబెట్టి, నార తీసి, తొడ మీద పేని వడిసెలలు అల్లేది. ఊరంతటికీ ఆమె వడిసెలలే. కల్లాలప్పుడు ఇంటింటివాళ్లూ ఆమె చాటలో ఇన్ని జొన్నలు పోసేవాళ్లు. ఆ గింజలే ఆమె బతుకు. "సుంకులవ్వ వడిసెల తెగదు, దాంతో ఏనుగును కట్టేయొచ్చు" అనేవాళ్లు. ఒకప్పుడు ఆ మాటకు ఆమె లోపల్లోపల మురిసేది. కొడుకు పోయాక ఎవరన్నా ఆ మాటంటే తల వంచుకునేది.

ఇట్లా ఉండగా, ఒక ఏడు, మంచెల మీద ముగ్గురు లేచారు.

మద్దిలేటి రాయి దూరం పోయేది. ఉసేని రాయి ఎంత వడిగా పోయేదంటే, చప్పుడు వినిపించాక తల తిప్పితే అప్పటికే అది నేల మీద ఉండేది. మూడోది ఈరమ్మ. కంకి మీద వాలిన గువ్వకు దెబ్బ తగలనిచ్చేది కాదు. కంకి కాడను కొట్టేది. గువ్వ ఎగిరిపోయేది, గింజ రాలేది కాదు.

"ఆడపిల్లను పందేనికి పంపుతామా?" అన్నాడొకడు.

"రాయి విసిరింది ఆడో మగో ఆ కుండకేం తెలుసురా?" అంది ఆ మాటన్నవాడి తల్లే.

ఊరికి ఆశ పుట్టింది. కానీ మూడుసార్లు మోసపోయిన ఊరది. గెలుస్తామని ఎవరూ నోరు తెరిచి అనలేదు. బావి దగ్గర ఆడవాళ్లు "చూద్దాం" అనేవాళ్లు. అరుగు మీద ముసలివాళ్లు "చూద్దాం" అనేవాళ్లు. ఊరి పెద్దకాపు, ఆ ఏడే రెండు దూడల్ని పూడ్చినవాడు, మీసం కొరుక్కుంటూ "చూద్దాం" అనేవాడు.

అనడమే కాదు, చూసేవాళ్లు. అక్కడే పొరపాటు జరిగింది. నమ్మడానికి భయం. అందుకని రోజూ చూడాలి. పొద్దు వాలగానే పిల్లలు ముగ్గుర్నీ కల్లానికి పిలిచేవాళ్లు. "నిన్న తగిలింది సరే, ఈరోజు తగులుతుందా చూద్దాం." చుట్టాలొస్తే, "మావోళ్ల చెయ్యి చూడండి, ఒక్కసారి వెయ్యరా." పొలం నుంచి ఆలస్యంగా వచ్చినవాడు, "నేను చూడలా, మళ్లీ వెయ్యి." పిల్లలకేం, పొగిడితే ఎన్నైనా విసురుతారు. ఈరమ్మకైతే ఆ కల్లంలో నిలబడితే ఒంట్లో చెయ్యి తప్ప ఇంకేమీ లేనట్టుండేది.

బుడ్డన్ననూ అట్లాగే చూశారు. సవారన్ననూ అట్లాగే చూశారు. చిన్నరంగణ్ణీ అట్లాగే చూశారు. ఆ సంగతి ఊరికి తట్టలేదు. సుంకులవ్వ ఒక్కతే కల్లం చివర కూర్చుని, రాళ్లను కాకుండా పిల్లల భుజాలను చూసేది.

ఒకరోజు మద్దిలేటి వడిసెల తెగింది.

అందరూ నవ్వారు. మర్నాడు ఉసేనిది తెగింది. ఆ మర్నాడు ఈరమ్మది తెగింది. ఇక రోజూ ముగ్గురివీ అదే వరస. చెయ్యి వేడెక్కే వేళకు, ఇంకా చూద్దామని జనం కూర్చున్న వేళకు, వేలికి తగిలించే ఉంగరం దగ్గర నార పీచుపీచుగా విడిపోయేది. కొత్తది పేనాలంటే అవ్వకు మర్నాటి సాయంత్రం దాకా పట్టేది. ఆరోజుకు ఆట ముగిసినట్టే.

పెద్దకాపు ఆమెను పిలిపించాడు.

"ఏం సుంకులమ్మా, ఇట్ల చేస్తివి? నీ చేతి వడిసెల తెగడమేంది?"

"ముసలిదాన్నయితి నాయనా. చేతిలో పట్టు తప్పె."

"నార బాగలేదా?"

"నార బాగుంది. నేనే బాగలేను."

"తెగే వడిసెలకు గింజలు పోయాల్నా? చెప్పు, నువ్వే చెప్పు."

ఆమె ఖాళీ చాట చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. ఆ ఏడు కల్లాల్లో ఆమె చాటలో సగమే పోశారు. కొందరు అదీ పోయలేదు. పిల్లలు ఆమె వెనక నడుస్తూ "తెగుడవ్వ, తెగుడవ్వ" అని పాడేవాళ్లు.

ఈరమ్మ పాడలేదు గానీ, అంతకంటే పెద్ద మాటే అంది. వడిసెల ముక్కలు పట్టుకుని కోపంగా గుడిసెకు పోయింది. "అవ్వా, కళ్లు కనిపించకపోతే మానుకోరాదా? నీవల్ల మా పరువు పోతాంది."

అవ్వ ఒళ్లో కొత్త వడిసెల ఉంది. పక్కన రెండు నారకట్టలు. ఒకటి తెల్లటిది. ఇంకోటి నల్లగా, మురిగి, చెమ్మవాసన కొడుతోంది. ఆ నల్ల పోగును ఒక్కదాన్ని తీసి, ఉంగరం దగ్గర, తెల్ల పోగుల నడుమ పెట్టి పేనుతోంది. పేనే వేళ్లలో వణుకు లేదు. చూపులో మసక లేదు.

ఈరమ్మ చాలాసేపు చూసింది. చేతిలో ముక్కల్ని చూసుకుంది. ప్రతి ముక్కలోనూ నల్ల పోగు ఉంది.

"కావాలనే చేస్తున్నావా?"

"కూర్చో."

"ఎందుకవ్వా?"

"నీ చెయ్యి పైకెత్తు." ఈరమ్మ ఎత్తింది. భుజం దగ్గర చిన్నగా చురుక్కుమంది. ముఖంలో పడనీయలేదు. అయినా అవ్వ చూసింది.

"మా రంగడూ అట్లనే దాచిండు" అంది అవ్వ. "నా వడిసెల తెగలేదమ్మా. ఎన్ని రాళ్లేసినా తెగలేదు. గట్టిగా పేనితినని నేను మురిసిపోతి. వడిసెల నిలబడె. చెయ్యి తెగె."

ఈరమ్మ చేతిలోని ముక్కలు కింద పెట్టింది.

"ఊళ్లో చెప్పొచ్చు గదా, పిల్లల్ని ఇంక చాలించనియ్యండని."

"రంగనప్పుడు చెప్పితి. నీ కొడుకని ముద్దు చేస్తావన్నారు. ఇంకొక్కసారి చూద్దామన్నారు. వాళ్లూ చెడ్డోళ్లు కాదమ్మా. బురద తాగే దూడను చూసినోళ్లకు ఆత్రం ఉండదా? చాలంటే వినరు. తెగితే మాత్రం లేచి ఇంటికి పోతారు."

"నిన్ను తిడుతున్నారే."

"తిట్టనీ. తిడితే నా చెయ్యేం నొప్పి పుట్టదు."

ఈరమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ నల్ల పోగు తీయించి, పిల్లల్ని మళ్లీ కల్లంలో నిలబెడతారని తెలుసు. కానీ పిల్లలు తెగుడవ్వ పాట పాడినప్పుడల్లా ఆమె అక్కడి నుంచి లేచి పోయేది. తన వంతు గంజిలో సగం ముంతలో పోసుకుని, ఎవరూ చూడకుండా గుడిసె గడపలో పెట్టి వచ్చేది.

పందెం రోజు వచ్చింది. ఆరోజు అవ్వ ఇచ్చిన వడిసెలలు మూడూ తెల్లగా ఉన్నాయి. ఒక్క నల్ల పోగు లేదు.

మద్దిలేటి రాళ్లు బండకు తగిలాయి. ఉసేని రాళ్లు కుండ పైనుంచి పోయాయి. ఈరమ్మ రాయి కుండ పక్కన దుమ్ము లేపింది. ఎర్రమిట్టవాళ్లు కుండ పగలగొట్టారు.

తలలు వంచుకుని ఊరికి నడిచారు. దారిలో పెద్దకాపు ఆగి, పిల్లల వైపు తిరిగాడు. తిడతాడనుకున్నారు.

"మద్దిలేటీ, చెయ్యెట్లుందిరా?"

"బాగుంది పెద్దయ్యా."

"ఉసేనీ?"

"బాగుంది."

"నీదేమే?"

ఈరమ్మ చెయ్యి నెత్తి మీదికెత్తి చూపించింది. చురుక్కుమనలేదు.

పందెం తర్వాత చేతులు బాగుండడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. పెద్దకాపు అట్లాగే నిలబడిపోయాడు. "అయితే వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం వేరుగా ఉంది.

రెండో ఏడు వడిసెలలు తెగుతూనే ఉన్నాయి. ఊరు తిడుతూనే ఉంది. పందెంలో ఈరమ్మ రాయి కుండ అంచును తాకింది. సున్నం రాలింది. కుండ పగల్లేదు. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ ఏడవలేదు, ఎవరూ నవ్వలేదు. కుండ మీద రాలిన ఆ సున్నం గురించే మెల్లగా మాట్లాడుకున్నారు.

మూడో ఏడు రాకముందే సుంకులవ్వ చచ్చిపోయింది. పాడె మోయడానికి నలుగురు చాలన్నట్టు నలుగురే వచ్చారు. ఐదోది ఈరమ్మ.

అవ్వ లేదు గనుక వడిసెలలు ఈరమ్మే పేనింది. అవీ తెగాయి. "నీకూ ఆ తెగుడవ్వ గాలే సోకిందేమే? గట్టిగా పేనరాదా?" అన్నాడు పెద్దకాపు, కల్లం నిండా జనం ఉండగా. అప్పుడు ఈరమ్మ లేచి, తెగిన వడిసెలలోంచి నల్ల పోగు లాగి ఆయన అరచేతిలో పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పింది. బుడ్డన్న భుజం, సవారన్న మోచెయ్యి, చిన్నరంగడి చెయ్యి, అన్నీ చెప్పింది. కల్లంలో ముసలి బుడ్డన్న కూడా ఉన్నాడు. చెయ్యి ఎత్తలేనివాడు, తల ఎత్తి విన్నాడు.

పెద్దకాపు ఆ పోగును చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని తలపాగా కొసకు ముడి వేసుకున్నాడు. "ఇంటికి పోండి పిల్లలూ" అన్నాడు. "ఈరోజుకు అవ్వ చాలంది."

ఆ ఏడు కుండ పగిలింది. ఎవరి రాయికని అడిగితే ముగ్గురూ ఇంకొకరి పేరు చెప్పేవాళ్లు. కంపలదొడ్డి పశువులు తేటనీళ్లు తాగాయి. తాగి తలలెత్తితే మూతులు తెల్లగా ఉన్నాయి. ఎర్రమిట్ట దూడలకూ కాసిన్ని నీళ్లు బురద చేయకుండా ఉంచమని ఈరమ్మ అడిగిందంటారు. ఉంచారంటారు కూడా.

ఇప్పటికీ ఆ ఊళ్లో వడిసెల పేనితే తెల్ల పోగుల్లో ఒక నల్ల పోగు పెడతారు. నాట్లేసే పిల్ల నడుం పట్టుకుంటే, దంచే కోడలి చెయ్యి ఆగితే, రాత్రంతా పలక ముందేసుకున్న పిల్లోడి కళ్లు మూతలు పడితే, ఎవరో ఒకరు "అవ్వ చాలంది" అంటారు. ఆ మాటకు అక్కడ ఎవరూ ఎదురు చెప్పరు.

అవ్వ పోయేనాటి సాయంత్రం ఈరమ్మ ఆమె పక్కనే ఉంది. చల్లబడుతున్న ఆ కాళ్లను ఒళ్లో పెట్టుకుని, ఎంతసేపటి నుంచో, ఆగకుండా రుద్దుతోంది. అవ్వ కళ్లు తెరిచి, కాళ్లను కాకుండా ఈరమ్మ భుజాన్ని చూసింది.

"చాల్లే బిడ్డా" అంది. "రేప్పొద్దున కూడా నీకు చెయ్యి కావాల గదా."