కొలతదారపు గౌరీ నోము

అక్షతలు చేత పట్టుకొని, పిల్లల అల్లరి మాన్పించి, ఈ కథ ఆలకింపుడు.

పూర్వము ఒక తపోవనమున శాలంక మహాముని చిరిగిన తన నారచీరకు మాసిక వేసికొనుచుండగా దర్భక ముని వచ్చి నమస్కరించెను. ఎదుటి స్త్రీ తొడిగిన గుడ్డ చూచినంతనే కడుపు మండిపోవు ఇల్లాండ్రకు ఆ మంట చల్లారు ఉపాయమేదియని యడిగెను. శాలంకుడు సూది దింపకయే యిట్లు చెప్పెను.

గౌతమీ తీరమున పసుపుల్లంక యను గ్రామమున పేరిందేవి, చెన్నాంబ యను తోడికోడండ్రు కలరు. వారి అత్తగారు కాలము చేయబోవుచు తన పెండ్లినాటి పట్టుచీరను రెండుగా చించి, నడిభాగము పెద్దకోడలు పేరిందేవికిని, జరీకొంగు చిన్నకోడలు చెన్నాంబకును ఇచ్చెను. మీ చేతులతోనే కుట్టుకొని తొడుగుకొనుడనియు, కొలతదారపు గౌరిని మరువవద్దనియు చెప్పి కన్నుమూసెను.

నాటినుండి పేరిందేవికి మనసు మనసులో లేదు. పదునెనిమిదేండ్లు కాళ్ళు పిసికినది తానైతే, నిన్నగాక మొన్న వచ్చినదానికి జరీయా యని పండ్లు కొరికెను. తన వాటాను పెట్టె అడుగున పడవేసెను. చెన్నాంబ మాత్రము మూడు నెలలు అరుగుపై కూర్చుండి రవిక కుట్టుకొని, శ్రావణమాసపు పేరంటమునకు తొడిగి వచ్చెను. ఆడవారందరు మూగి, వీపు త్రిప్పి చూచి, చేతులు పట్టి చూచి మెచ్చుకొనిరి. పేరిందేవి కళ్ళలో నిప్పులు పోసుకొని, "ఆ జరీ నాకిచ్చుంటే నేనూ మెరిసేదాన్నే" అని శనగలు పుచ్చుకొనకయే లేచిపోయెను. అత్తగారు మరువవద్దన్న గౌరి నోమును ఆ యేడు పట్టలేదు.

గౌరికి ఆగ్రహము కలిగెను. పేరిందేవి యింట ఏ గుడ్డ కట్టినను సాయంత్రమునకు చిరిగిపోసాగెను. పదిమందిలో వంగి నమస్కరించిన భర్త పంచె పర్రున చినిగి, ఆయన గోడకు వీపు ఆనించి ఇల్లు చేరెను. ఇదంతయు చెన్నాంబ దిష్టియే యని పేరిందేవి తిట్టిపోసెను. పుష్యమాసపు చలి రాగా ఐదేండ్ల కూతురు పొన్నికి ఒంటిపై నూలుపోగు నిలువక, చలిజ్వరము పట్టుకొనెను.

పేరిందేవి గౌరి ముందు పడి యేడ్చెను. అంతట సూదులమ్ము ముత్తైదువ రూపమున దేవి గుమ్మములోనికి వచ్చెను. ఎవరిని చూచి ఏడ్చుచున్నావో ఆమెకే అత్తగారి గుడ్డతో రవిక కుట్టి వాయనమిమ్మనియు, కొలత మాత్రము స్వయముగా ఆమె ఒంటిమీద దారముతో తీసి ముడులు వేయవలెననియు చెప్పి మాయమయ్యెను.

అప్పటికిని పేరిందేవి బుద్ధి మారలేదు. దాని ఒళ్ళు నేను ముట్టుటయా యని, తన ఒంటికే కొలుచుకొని, చంకలు పట్టి ఛస్తుందిలెమ్మని బిగువుగా కుట్టి యిచ్చెను. చెన్నాంబ కళ్ళకద్దుకొని తొడిగెను. తొడిగినంతనే రవిక రెండు ముక్కలయ్యెను. ఇంట పొన్ని కళ్ళు తేలవేసెను.

ఇక పేరిందేవికి పిల్ల తప్ప లోకము కనబడలేదు. దారపుండ పట్టుకొని తోడికోడలి వాకిటికి పరుగెత్తి, "నీ కొలత తీసుకోవాలి, కాదనకు" అనెను. చెన్నాంబ పైట సర్దుకొని, కొలతకు అడ్డమని ఒంటిమీది జరీరవిక విప్పి ఆమె చేతికిచ్చెను. పేరిందేవి దానిని తిరగవేసి చూడగా, లోపల నలుబదియొక్క అతుకులుండెను.

"ఇదేమిటే?"

"కొంగంతా మడతల దగ్గర చీకిపోయిందక్కా. పట్టుకుంటే పిగిలిపోయేది. మీకు గట్టి గుడ్డ ఇచ్చారు అత్తగారు. 'పెద్దదానికి నెమ్మది లేదు, చీకుగుడ్డ దాని చేతిలో నిలవదు. నువ్వు ఓపికగా అతుక్కో' అన్నారు. మీతో చెప్పొద్దన్నారు, చిన్నబుచ్చుకుంటారని."

పేరిందేవికి తల కొట్టేసినట్లయ్యెను. "నీ మీద ఏడ్చి నా పిల్లని వణికించానే చెల్లీ" అని బావురుమనెను. పిమ్మట కళ్ళు తుడుచుకొని భుజమునకొక ముడి, చేతికొక ముడి, నడుమునకొక ముడి వేసెను. మొదటి రవికకు పాడుచేసినది పోగా మిగిలిన గుడ్డ ఒక చేతికి చాలలేదు. చెన్నాంబ మూట విప్పి తన జరీపీలికలు తెచ్చెను. ఇద్దరును కూర్చుండి అతికిరి. ఆ రవిక చెన్నాంబకు అతికినట్లు సరిపోయెను. పాడైన రవిక ముక్కలతో పొన్నికి చొక్కా కుట్టి తొడుగగా చెమట పట్టి జ్వరము విడిచెను. ఆ చొక్కా మరి చిరుగలేదు.

మరుసటి పేరంటమున అందరును చెన్నాంబ కొత్త రవికను మెచ్చుకొనుచుండగా, కుట్టినది తానేయైనను పేరిందేవికి లోపల చురుక్కుమనెను. ఆ మంట ఒక్కసారితో పోవునది కాదు. అందుచేతనే ఈ నోమును ఏటేట పట్టవలెనని శాలంకుడు చెప్పి, దారము కొరికెను.

తోడికోడండ్రు, ఆడబిడ్డలు, వదినెలు, ఇరుగుపొరుగువారు, పెద్దల చీరలు పెట్టెలో మ్రగ్గబెట్టినవారు ఈ నోము నోచవలెను. నోచినవారికి గుడ్డకు కరవు, బిడ్డకు చలి ఉండవు. సూదిలో దారము ఒక్క గ్రుచ్చుటకే ఎక్కును. ఎవరి కొలత తీయవలెనని పురోహితుని అడుగవద్దు. ఈ కథ వినుచుండగా మీ మనసున ఎవరు మెదిలిరో, ఆమెయే. అక్షతలు గౌరిపై వేసి, దారము తీసికొని ఆమె యింటికి వెళ్ళుడు.