అట్ట మీది పడవ

పొందూరులో బొమ్మలు నేర్పే అప్పల్నరసయ్య మేష్టారికి అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎస్తేరుకి అది తెలుసు. తెలిసీ అడిగింది, గడువు ఆ సాయంత్రమే కనక.

"మేష్టారూ, ముందువాళ్ళు గీసినదాన్ని మనం ఎంతవరకు మోయాలి?"

ఆమె ముందు 'నాగావళి కోడలు' నవల మూడు ముద్రణలు పరిచి ఉన్నాయి. నాలుగోదానికి అట్టబొమ్మ ఆమె వెయ్యాలి. అదే ఆమెకి మొదటి పని. తొలి ముద్రణ మీద మేష్టారు గీసిన పడవ, అందులో కోడలు. రెండోదాని మీద ఇంకెవరో అదే పడవలో కోడలి పైట జార్చి, ఎదురుగా మీసాల సరంగుని కూర్చోబెట్టాడు. మూడోవాడు ఒక్క తెడ్డు నిలబెట్టి ఆధునికం అన్నాడు. నవల నాలుగుసార్లు చదివినా ఎస్తేరుకి పడవ కనబడలేదు. కథంతా జనపనార మిల్లు క్వార్టర్లలోనే. పెద్దలకి కనబడింది తనకి కనబడలేదంటే లోపం తన బుర్రదేనని, పని తిరిగి ఇచ్చేద్దామనుకుంది. మనవాళ్ళంతే! పుస్తకాన్ని అనుమానిస్తారు, తమని తాము అనుమానించుకుంటారు, అట్టని మాత్రం అనుమానించరు.

మేష్టారు గోడ మీంచి పక్కింటి గౌరమ్మని కేకేశారు. మూడు ముద్రణలూ చదివిన మనిషి.

"గౌరమ్మా, ఇందులో పడవ ఎక్కడొస్తుంది?"

"అదేటి మేష్టారూ! కోడలు మొగుణ్ణొగ్గీసి పడవెక్కి ఎల్లిపోద్ది కాదేటి! పడవ కదిలినకాడ నానెంత ఏడ్సినానో!"

"ఆ పేజీ చూపించు."

గౌరమ్మ ఇవతలికొచ్చి, చేతులు పైటకి తుడుచుకుని తొలి ముద్రణ తీసింది. తిప్పి తిప్పి ఒకచోట ఆగింది. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. మొహం కందిపోయింది.

"బస్సంట! ఎవుడో మార్సీసినాడు!"

"అచ్చయ్యాక ఎవడు మారుస్తాడు?" మేష్టారు నవ్వారు. "ప్రచురణకర్త పొద్దున్నొచ్చి పుస్తకం పేరు చెప్పాడు, సాయంత్రానికి బొమ్మ కావాలన్నాడు. నవల నేను కళ్ళతో చూళ్ళేదు. నాగావళి అన్నాడు కదా అని పడవ గీసిపడేశాను."

ఎస్తేరుకి నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళు తిరిగేంత నవ్వు. అంటే తనకి చదవడం వచ్చు! పెన్సిలు తీసి బస్సు కిటికీ గీయబోయి, ఆగింది.

"పడవ తీసేస్తే ఊరుకుంటావా గౌరమ్మత్తా?"

"ఊరుకుంతానేటి? నలుగురిలో తిట్టిపోస్తాను!"

మేష్టారు తను గీసిన అట్టని బోర్లా తిప్పి పెట్టారు.

"తిట్టించుకో అమ్మా. ముప్పయ్యేళ్ళలో నన్నొక్కరూ తిట్టలేదు."