ఎత్తిన చెయ్యి

ఉరుకుందు చచ్చిపోయిన మూడోరోజు పొద్దున ఓబులేసు తన గురువును వెతుక్కుంటూ పోయాడు. మర్నాడు పోలీసు స్టేషన్లో జరిగింది చెప్పి సంతకం పెట్టాలి. ఏం చెప్పాలో సైటు ఇంజనీరు ముందే నేర్పించి పెట్టాడు. ఆ మాట మింగలేక కక్కలేక ఓబులేసు రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

గురువంటే ఏ మఠంలోనో ఉండే స్వామి కాదు లెండి. ఖాసీం సాయిబు. ముప్పై ఏళ్లు జేసీబీ నడిపిన మనిషి. ఆ చుట్టుపక్కల బండెక్కి కూర్చున్న డ్రైవర్లలో సగం మంది ఆయన చేతికింద తయారైనవాళ్లే. ఎడమ కంటికి పొర కమ్మి చూపు పోయాక బండి దిగేసి, అల్లుడి పంచరు షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడమంటే మాటలా! ఆర్నెల్లు లివరు ముట్టనిచ్చేవాడు కాదు. గుంత గట్టు మీద నిలబెట్టేవాడు. బకెట్టు పైకి వచ్చినప్పుడల్లా అందులో మట్టి చూడాలి. నల్లమట్టి వచ్చినంతసేపూ ఊరికే ఉండాలి. ఇసుక కనబడినా, ఇటుక పెంకు కనబడినా చెయ్యెత్తాలి. కరెంటు కేబులు పాతేవాళ్లు దాని మీద ఇసుక పోసి, ఇటుకలు పరిచి, పైన మన్ను కప్పుతారు. నల్లరేగడిలో ఇసుక దానంతటది రాదు కదా. గట్టు మీద చెయ్యి లేచిందా, బండి ఆగాల్సిందే. ఆ చెయ్యి ఎవరిదని చూడకూడదు. అప్పుడు మనిషి గుంతలోకి దిగి, పారతో మెల్లగా గీరి, చేత్తో తీసి చూస్తాడు. అంతే ఆయన చెప్పిన చదువు.

ఓబులేసు ఆ శిష్యుల్లో మొనగాడు. బకెట్టు పళ్లతో అగ్గిపెట్టెను ఎత్తి, నలగకుండా మళ్లీ కింద పెట్టగలడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియనివాళ్లుంటే కూర్చోబెట్టి మరీ చూపించేవాడు.

కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని జరిగిందంతా చెప్పుకొచ్చాడు. మంచినీళ్ల పైపు కోసం బైపాసు పక్కన కాలువ తవ్వుతున్నారు. కేబులు ఆరడుగులు అవతల ఉన్నట్టు కాయితంలో గీసుంది. ఆ కాయితం నమ్మే తవ్వాడు. సాయంత్రం నాలుగింటికి బండి హెల్పరు ఉరుకుందు పార పట్టుకుని గుంతలోకి దిగాడు. అదే వేళకు పైనుంచి బకెట్టూ దిగింది. కేబులు తెగి మంట లేచింది. బండిలో ఉన్న ఓబులేసుకు వెంట్రుక కూడా కాలలేదు. ఉరుకుందు మాత్రం రెండు రోజులు ఆసుపత్రిలో అరిచి అరిచి ప్రాణం విడిచాడు.

ఇంజనీరు చెప్పమన్నది వేరు. చెప్పకుండానే ఉరుకుందు గుంతలోకి దూకాడని, గడ్డపారతో కేబులును తనే పొడిచాడని చెప్పాలట. తాగి ఉన్నాడని కూడా ఒక మాట వెయ్యమన్నాడు. చచ్చినవాడు వచ్చి కాదంటాడా అని భుజం తట్టాడు. తప్పు వాడిదేనని కాయితం మీద పడితే, వాడి పెళ్లాం మాదేవికి పరిహారమని పైసా ఇవ్వరు, ఆమె మొహం ఇక ఎవరూ చూడరు. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. చెప్పకపోతే తన లైసెన్సు పోతుంది, జైలు కూడా తప్పదేమో. అదీ తెలుసు.

ఖాసీం సాయిబు అంతా విన్నాడు. ఇంజనీరును తిట్టలేదు, కాయితం గీసినవాణ్ణీ ఏమనలేదు.

"గట్టు మీద నిలబడింది ఎవరు?"

"ఉరుకుందన్నే, ఉస్తాద్."

"చెయ్యెత్తినాడా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. "ఎండ కండ్లలో కొట్టింది ఉస్తాద్. కనబళ్ళేదు."

సాయంత్రం నాలుగింటికి సైటు కాడికి రమ్మని చెప్పి, సాయిబు కుర్చీలోంచి లేచి లోపలికి పోయాడు.

నాలుగింటికి ఓబులేసు వెళ్లేసరికి సాయిబు అక్కడే ఉన్నాడు. బండి ఆరోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, తాళం మాత్రం పోలీసులు పట్టుకుపోయారు. గుంత చుట్టూ తాడు కట్టారు. కాలిన వాసన ఇంకా పోలేదు. తాడు పక్కన ఉరుకుందు చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది. రెండోది ఎక్కడుందో.

లైను ఆపేశారని, తను సబ్‌స్టేషన్‌కు పోయి ఇద్దరిని వేరువేరుగా అడిగి వచ్చానని సాయిబు చెప్పాడు. అయినా చేతులకు రబ్బరు గ్లౌజులు ఇచ్చాడు. తాడుకు ఇవతల, ఇంకా తవ్వని చోట గీత గీసి, పార చేతికిచ్చాడు.

"మెల్లగ తీయ్. మట్టి మారితే చెయ్యెత్తు."

తను పోయి బండి మెట్టు పట్టుకున్నాడు. ముసలి కాళ్లు, ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

ఓబులేసు తవ్వడం మొదలుపెట్టాడు. నల్లమట్టి వచ్చింది. మోకాలి లోతు పోయినా నల్లమట్టే. కాయితంలో ఇక్కడేమీ లేదు కదా అని అతని మనసు ఇంకా మొండికేస్తూనే ఉంది. ఇంకో జానెడు దిగాక పార కింద ఇటుక పెంకు కరకరమంది. వంగి చేత్తో తుడిచాడు. పెంకు పక్కనుంచి ఇసుక జారింది. నల్లరేగడి మధ్యలో పసుపుపచ్చగా, మెత్తగా ఉంది ఆ ఇసుక.

గట్టెక్కి చెయ్యెత్తాడు.

సీట్లో ఉన్న సాయిబు అతని వైపే చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. జేబులోంచి బీడీ తీసి ముట్టించుకుని, రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు.

ఓబులేసు అలాగే నిలబడ్డాడు. భుజం లాగడం మొదలైంది. చెయ్యి కాస్త వాలింది.

"దించొద్దు," అన్నాడు సాయిబు, లారీల మీదనుంచి చూపు తిప్పకుండానే.

చెయ్యి పైనే ఉంది. చెమట చంకలోంచి పక్కటెముకల మీదికి కారుతోంది. ఎండ ఓబులేసు మొహాన కొడుతోంది. బండి సీటుకు మాత్రం ఎండ వెనకనుంచి పడుతోంది. ఆరోజు కూడా ఇదే వేళ, బండి ఇదే చోట ఉంది.

ఆరోజు ఉరుకుందు అప్పటికే రెండుసార్లు చెయ్యెత్తాడు. రెండుసార్లూ బండి ఆపి చూస్తే ఏవో పాత గోడ పెంకులు. ఇంజనీరు ఎగతాళి చేశాడు, జేసీబీతో తవ్వుతున్నావా, టీ చెంచాతో తవ్వుతున్నావా అని. కూలోళ్లందరూ నవ్వారు. అగ్గిపెట్టె ఎత్తే మొనగాడికి ఆ నవ్వు చురుక్కుమంది. మూడోసారి చెయ్యి లేచింది. ఇంకొక్క బకెట్టు తీసి ఆపుదాంలే అనుకున్నాడు. బకెట్టు పైకి లేచింది. బండి ఆగిందనుకుని, నేర్పిన పద్ధతి ప్రకారమే, ఉరుకుందు పార పట్టుకుని దిగాడు. దిగేముందు బండి వైపు చూసి తల కూడా ఊపాడు. అప్పటికే ఓబులేసు లివరు తోసేశాడు.

ఓబులేసుకు ఏడుపు పొంగుకొచ్చింది. చెయ్యి మాత్రం దించలేదు.

సాయిబు బీడీ ఆర్పి, మెల్లగా దిగి, గట్టు దగ్గరికి వచ్చాడు. ఎత్తి ఉన్న చేతిని పట్టుకుని తనే కిందికి దించాడు.

"ఒంటికంటోణ్ణి నాయనా. నాకే బాగ కనబడినావు."

ఆ ఒంటి చెప్పును తీసి, మట్టి దులిపి, ఓబులేసు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు స్టేషను మెట్ల మీద మాదేవి కూర్చుని ఉంది. తన మొగుడు తాగడని వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ చెబుతోంది. ఎవరూ ఆగి వినడం లేదు. ఓబులేసు ఆమె ముందు ఆగి, ఆ చెప్పును పక్కన పెట్టి లోపలికి పోయాడు.

ఇంజనీరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వాంగ్మూలం రాసే రైటరు కాయితం సర్దుకుని, పెన్ను తీసి, ఆ మనిషి గుంతలోకి ఎందుకు దిగాడని అడిగాడు.

"నేను బండి ఆపినా అనుకున్న్యాడు సార్," అన్నాడు ఓబులేసు. "చెయ్యెత్తినాడు. నేను చూసినా."