నక్క గుమ్మంలో దీపం

వాగు ఇవతలి గట్టున తాటితోపులో కాపురముండే జంతువులకు ఆ ఏడు ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. ఎవరి గుమ్మంలో దీపం ఎక్కువసేపు వెలిగితే వాళ్ల పిల్ల అంత బాగా చదువుతున్నట్టు లెక్క. దీపమంటే మరేం లేదు, గాజుసీసాలో పట్టి పెట్టిన మిణుగురులు. పొద్దున్నే నీళ్లరేవులో తల్లులు కలిస్తే కబుర్లన్నీ దీపాల గురించే. "మావాడు తొలికోడి కూసేదాకా పుస్తకం వదల్లేదు" అని ఒకరంటే, "కోడి కూసినా మాది వదల్లేదు" అని ఇంకొకరు. కోడి కూడా అక్కడే ఉండేది కాబట్టి ఎవరెంత కోస్తున్నారో దానికి తెలుసు. కానీ దానికీ బడికెళ్లే పిల్లలున్నారు, అందుకని నోరు మెదిపేది కాదు.

ఈ పిచ్చిని తోపులోకి తెచ్చింది నక్క కనకరత్నం. ఆవిడ కొడుకు రంగబాబు బళ్ళో ఎప్పుడూ మొదటివాడు. "అంతా దీపం మహిమ వదినా! పిల్లల్ని నిద్రపోనిచ్చామా, బుర్రలు బూజు పట్టిపోతాయి" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేది. గుట్ట మీద ఆవిడ బొరియ గుమ్మంలో దీపం తెల్లారేదాకా వెలుగుతూ తోపంతటికీ కనిపించేది. చూసినప్పుడల్లా తల్లుల గుండెలు గుభేలుమనేవి.

అందరికంటే ఎక్కువ బెంగ గాడిద పైడమ్మది. పైడమ్మ ఇటుకబట్టీకి ఇసుక మోస్తుంది. పొద్దు పొడవక ముందు ఎక్కిన బస్తా పొద్దు వాలాక గానీ దిగదు. వీపు మీద బొచ్చు ఊడి, చర్మం మొద్దుబారి, ఈగ వాలినా తెలియదు. ఆమెకున్న కోరిక ఒక్కటే, కొడుకు అప్పన్న వీపు అలా కాకూడదు. ఏటా పరీక్షలో ముందు నిలిచిన ముగ్గురిని వాగు అవతలి పెద్దబడిలో చేర్చుకుంటారు. మిగిలినవాళ్లు అమ్మానాన్నల పనిలోకి పోవాల్సిందే.

బట్టీ మేస్త్రీ కంచరగాడిద ఆ సంగతి మొహం మీదే అనేశాడు. "పరీక్ష ఇంకా రెణ్ణెల్లుంది కదా పైడీ? తప్పాడంటే మర్నాడే మీవాడికి చిన్నబస్తా కడతా. వాడి వయసులో నీకు కట్టలేదా ఏంటి?"

కట్టారు. ఆ మొదటి బస్తా ఎక్కడ ఒరుసుకుందో పైడమ్మకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఆమె కూడా దీపం పెట్టింది. కొడుకును దాని ముందు కూర్చోబెట్టి, తూగినప్పుడల్లా గిట్టతో ఒక్కటి ఇచ్చేది. కొన్నాళ్లు తెల్లవార్లూ కూర్చోబెట్టేది. కొన్నాళ్లు తనే ముందు ఒరిగిపోయేది, అప్పుడు వాడూ తిండి లేకుండా ఎక్కడివాడక్కడ పడి నిద్రపోయేవాడు. ఏ రోజు ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో వాడికే తెలియదు.

ఒకనాడు బడిపాక మీదుగా బస్తాతో పోతుంటే ముసలి ఎద్దు వీరన్న మాస్టారు ఆమెను ఆపారు.

"ఏమ్మా పైడమ్మా, మీ అప్పన్నకు ఏమైంది?"

"ఏమైంది మాస్టారూ?"

"మొన్న మొన్నటిదాకా అడక్కముందే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండటం లేదు. నిలబెట్టి అడిగితే నిలబడే నిద్రపోతున్నాడు."

"రాత్రంతా చదువుతూనే ఉన్నాడండీ!"

"ఏం చదువుతున్నాడో అడిగావా?"

అడగలేదు. అడిగే ఓపిక ఉంటే కదా. పైడమ్మ తల వంచుకుని ముందుకు నడిచింది.

ఆ సాయంత్రం బస్తా దిగీ దిగగానే ఇంటికి పోకుండా గుట్ట ఎక్కింది. రంగబాబును అంతంతసేపు ఎలా మేలుకోబెడుతున్నావో చెప్పమని కనకరత్నం కాళ్లు పట్టుకుందామని ఆమె ఆలోచన. అప్పుడే మునిమాపు వేళ. బొరియ గుమ్మంలో దీపం వెలుగుతోంది. దీపం ముందు పుస్తకం తెరిచి ఉంది. పుస్తకం ముందు ఎవరూ లేరు.

పిలుద్దామని నోరు తెరిచేలోపు లోపలినుంచి కనకరత్నం గొంతు వినిపించింది.

"కాళ్లు కడుక్కున్నావా? సరే, పడుకో. రోజూ ఇదే వేళ, మర్చిపోకు. ఒక్క రోజు అటూ ఇటూ అయినా మర్నాడు బళ్ళో తూగుతావు."

"అమ్మా, మరి దీపం?"

"అది గుమ్మంలో పెట్టేశాగా. చూసేవాళ్లు చూస్తార్లే. బళ్ళో తూగడానికి ఊళ్లోవాళ్ల పిల్లలున్నారు, నువ్వెందుకు తూగడం? కళ్లు మూసుకో నాన్నా."

కాసేపటికి సన్నని గురక వినపడింది.

పైడమ్మ గుట్ట మీదే కూలబడింది. ఇంకొకరైతే లోపలికి దూరి జుట్టు పట్టుకునేవాళ్లు. కోపం రావడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువుండాలి, ఆమెకు అదీ లేదు. ఏడుపొచ్చింది. నక్క మోసం చేసిందని కాదు, తూగుతున్న బిడ్డను తను ఎన్నిసార్లు గిట్టతో పొడిచిందో గుర్తొచ్చి.

ఇంటికొచ్చి దీపాన్ని గుమ్మంలో పెట్టింది. కొడుకుతో, "తిన్నావా? కాళ్లు కడుక్కుని రా, పడుకుందాం" అంది.

అప్పన్న బిత్తరపోయాడు. "కొడతావా అమ్మా?"

"కొట్టన్రా. పడుకో."

"నిద్ర రావట్లేదు."

"రాకపోతే పోనీ. ఊరికే కళ్లు మూసుకో."

నాలుగు రోజులు వాడు గడ్డిలో అటూ ఇటూ దొర్లాడు. పైడమ్మ పట్టు వదల్లేదు. అదే వేళకు తిండి, అదే వేళకు కాళ్లు కడగడం, అదే గడ్డిపరుపు. బట్టీలో ఎంత ఆలస్యమైనా పక్కింటి గొర్రె నూకాలును బతిమాలి ఆ వేళకు పడుకోబెట్టించేది. ఎనిమిదో రోజు సాయంత్రం వాడే వెళ్లి గడ్డి సర్దుకున్నాడు. పొద్దున ఎవరూ లేపకుండా లేచి, "అమ్మా, ఆకలి" అన్నాడు. వాడి నోట ఆ మాట విని ఎన్నాళ్లయిందో.

నూకాలు ఊరుకుంటుందా? "ఏంటక్కా, దీపం గుమ్మంలో, పిల్లాడు పరుపు మీద? ఏంటి సంగతి?" అని ప్రాణం తీసింది. పైడమ్మ ఉన్నదున్నట్టు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నూకాలు ఒట్టును చాలా గట్టిగా నిలబెట్టుకుంది. ఎవరికి చెప్పినా వాళ్లచేత కూడా ఒట్టు వేయించుకునే చెప్పింది. వారం తిరిగేసరికి తోపులో ప్రతి గుమ్మంలోనూ దీపాలు తెల్లవార్లూ వెలుగుతున్నాయి, ప్రతి ఇంట్లోనూ పిల్లలు పొద్దు వాలగానే నిద్రపోతున్నారు.

బళ్ళో రంగబాబుకు పోటీ మొదలైంది. మాస్టారు అడిగితే ఇప్పుడు పది గొంతులు పలుకుతున్నాయి. ఓ పొద్దున కనకరత్నం నీళ్లరేవులో పైడమ్మ పక్కకు చేరింది. ఆవిడ మొహంలో కళ లేదు.

"ఏం పైడమ్మా, మీవాడు తెల్లవార్లూ చదువుతున్నాడా?"

"దీపం వెలుగుతూనే ఉంటుందండీ రత్నమ్మగారూ."

"చూస్తున్నాలే. అందరి గుమ్మాల్లోనూ వెలుగుతున్నాయి. అంతసేపు మేలుకుని, పొద్దున అంత చురుగ్గా ఎలా ఉంటున్నారే వీళ్లు? నాకు అంతుపట్టడం లేదు. అలవాటైపోయి ఉంటుంది. ఇక లాభం లేదు, మావాణ్ణి కూడా మేలుకోబెట్టాల్సిందే." నక్క నాలుక కరుచుకుంది. "అంటే, ఇంకాస్త ఎక్కువసేపు అంటున్నా."

పైడమ్మ ఆవిడ వైపు చూసింది. ఒక గాడిద కూడా దీపం పెట్టి నిద్రపోగలదని ఈవిడకు తోచనైనా తోచలేదు. చెప్పేద్దామా అనుకుంది. అంతలో పెద్ద ఆవులింత వచ్చింది. అది పూర్తయ్యేసరికి కనకరత్నం గుట్ట దారి పట్టేసింది.

పరీక్ష రోజు వచ్చింది. తల్లులంతా పాక బయట నిలబడ్డారు. పైడమ్మ మేస్త్రీని బతిమాలుకుని ఒక పూట సెలవు తీసుకుంది. తాటిమొద్దుకు ఆనుకుని చెవులు రిక్కించింది.

"అప్పన్నా, వాగు పొంగితే ఎక్కడ దాటాలి?" అడిగారు వీరన్న మాస్టారు.

"పొంగినప్పుడు దాటకూడదండీ. తగ్గేదాకా ఆగాలి."

"తొందరపని ఉంటే?"

"ఉన్నా ఆగాలండీ. ఇవన్నీ మీరు చెప్పినవేగా?"

మాస్టారు నవ్వి నెమరు వేసుకుంటూ తలాడించారు. తర్వాత రంగబాబును పిలిచారు. పది రోజులుగా తల్లి వాడిని నిజంగానే దీపం ముందు కూర్చోబెట్టింది. వాడు లేచి నిలబడ్డాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రంగబాబూ, తాటితోపుకు ఉత్తరాన ఏముంది?"

"ఉత్తరాన..." అన్నాడు రంగబాబు. అని అలాగే మాస్టారి ముంగాలికి ఒరిగి గుర్రు పెట్టాడు.

పాకంతా ఘొల్లుమంది. సాయంత్రానికి పేర్లు చదివారు. నూకాలు పిల్ల మొదటిది, కుందేలు పిల్ల రెండోది. మూడో పేరు చదివే ముందు మాస్టారు దగ్గారు. ఆ దగ్గు అయ్యేలోపు పైడమ్మ ప్రాణాలు పోయి వచ్చాయి.

"అప్పన్న."

ఆమె ఎగరలేదు, గంతులు వెయ్యలేదు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది.

కనకరత్నం గబగబా ఆమె దగ్గరకొచ్చింది. "నిజం చెప్పు. ఎన్ని జాములు మేలుకోబెట్టావు వాణ్ణి?"

"ఒక్క జామూ లేదండీ. పొద్దు వాలగానే రోజూ ఒకే వేళకు పడుకోబెట్టేశాను."

"మరి దీపం?"

"అది చూసేవాళ్ల కోసమండీ. మీ గుమ్మంలో చూసే నేర్చుకున్నాను."

నక్క గుట్ట మీది తన గుమ్మం వైపు చూసింది. పక్కన రంగబాబు నిలబడే తూలుతున్నాడు. వాణ్ణి చూస్తే పైడమ్మకు జాలేసింది.

"ఇప్పటికైనా వాణ్ణి పడుకోనివ్వండి రత్నమ్మగారూ. మీ పోటీలో పాపం వాడి తప్పేముంది?"

కనకరత్నం కొడుకును వీపున వేసుకుంది. గుట్ట ఎక్కుతుంటే నాలుగడుగులకోసారి ఆగింది. మోత అంటే ఏమిటో ఆవిడకు ఆ సాయంత్రమే తెలిసింది.

నీతి: రోజూ వేళకు నిద్రపోయే పిల్లలకే పొద్దున విన్న పాఠం ఒంటబడుతుంది.